అత్తకి రెండు పింఛన్లు

ఫిబ్రవరి 4

మేనత్త ఇంటికి వెళ్ళొచ్చాను. వచ్చి చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

పొద్దున నా కట్టుడుపళ్ళ లాబ్‌లో ఒక ముసలాయనకి పైపళ్ళ సెట్టు మైనంతో దిద్దుతుంటే అత్త ఫోన్ చేసింది. "పన్నుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చిందే. ఒకసారి వచ్చి పో" అంది. చదవలేక కాదు. డెబ్భై ఎనిమిదేళ్ళొచ్చినా సూదిలో దారం తనే ఎక్కించుకుంటుంది. ముప్ఫై ఒక్కేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని కూర్చున్నందుకు ఎడమ చెవి పోయింది గాని, కళ్ళు మాత్రం చెక్కుచెదరలేదు. చదివింది, అర్థం కాలేదు. అందుకని పిలిచింది.

ఆ ఉత్తరం రాసినవాడు జన్మలో ఏ మనిషితోనూ మాట్లాడి ఉండడు. పేజీన్నర. ఊపిరి తీసుకోవడానికి ఒక్క చోటు లేదు. మొదటి పేరాలో అత్త రెండు పింఛన్లూ కలిపి చూపించలేదనీ, అందువల్ల పన్ను తక్కువ పట్టుకున్నారనీ ఉంది. ఒకటి అత్త సొంత పింఛను. రెండోది ఫైరింజను డ్రైవరుగా చేసి పోయిన మామయ్య పింఛనులో సగం. రెండో పేరాలో, మూడేళ్ళుగా ఏదో సెక్షను కింద పొందిన "ప్రత్యేక మినహాయింపు"కి రుజువులు పట్టుకుని ఇరవయ్యో తేదీన స్వయంగా రమ్మని ఉంది.

"ఈ ప్రత్యేక మినహాయింపు ఏమిటే?" అంది అత్త.

"అదేదో మామూలు మాటలే. ముందు మొదటిది చూద్దాం" అన్నాను.

ఆదివారం వచ్చి అన్నీ విడమరిచి చెప్తానన్నాను. టీ ఇచ్చింది. గ్లాసు అంచున ఏదో ఎండి అతుక్కుని ఉంది. తాగాను.

ఫిబ్రవరి 5

తమ్ముడికి నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. అత్త పన్ను కాగితాలు మూడేళ్ళుగా వాడే చూస్తున్నాడు. చూసుకునేది వాడు, ఉత్తరం వస్తే పరిగెత్తేది నేను.

ఫిబ్రవరి 8, ఆదివారం

పాఠం చెప్పడానికి వెళ్ళాను. రెండు కాగితాల మీద గళ్ళు గీసుకుని, రంగు పెన్నులు కూడా పట్టుకెళ్ళాను. ఆ పెన్నులు తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే చీదర పుడుతోంది.

గట్టిగా, సాగదీసి మొదలుపెట్టాను. "చూడత్తా... గవర్నమెంటు... ప్రతి మనిషికీ..."

"కుడి చెవి వైపుకి వచ్చి మామూలుగా చెప్పు. నాకున్నది చెవుడు, మతిలేనితనం కాదు" అంది.

కుర్చీ మార్చుకుని మామూలుగానే చెప్పాను. ఏడాదికి ఇంత వరకూ వచ్చినదాని మీద పన్ను ఉండదు. అత్త పింఛను ఇచ్చే ఆఫీసు, ఈవిడకి ఉన్నది ఇదొక్కటే అనుకుని ఆ మినహాయింపు మొత్తం ఇచ్చేసింది. మామయ్య పింఛను ఇచ్చే ఆఫీసూ అలాగే అనుకుని, అదీ మొత్తం ఇచ్చేసింది.

"రెండు ఆఫీసులకీ మాటల్లేవా?"

"లేవు."

"ఇద్దరిదీ ఒకటే గవర్నమెంటు కదే!"

"అయినా లేవు."

కాసేపు నా గళ్ళు చూసి పక్కన పెట్టేసింది. "అంటే ఒకే మనిషికి రెండు ఎక్స్ఛేంజీల్లో రెండు లైన్లున్నాయి. ఈ బోర్డు దగ్గర కూర్చున్నదానికి ఆ బోర్డు సంగతి తెలీదు. మొదటి మూడు నిమిషాలూ ఉచితం అని ఇద్దరూ అన్నారు. ఆఖర్న బిల్లు రాసేవాడు రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకుని, ఉచితం మనిషికి ఒక్కసారేనమ్మా అన్నాడు. అంతేనా?"

అంతే. నేను మూడు రోజులు తిప్పలుపడి తయారుచేసుకున్న పాఠం అంతే.

"మరి మొగుడు పోయినందుకు ఇచ్చేదాని మీద కూడా పన్నేనా?"

"అదీ ఆదాయమే కదత్తా."

"ఆదాయం!" ఆ మాట నోట్లో పురుగు పడ్డట్టు అంది. "ఆయన ఇరవై ఆరేళ్ళు పొగ మింగాడు. ఆ దగ్గు పదకొండేళ్ళు విన్నాను, ఈ మిగిలిన చెవితో. అది ఆదాయమా?" లేచి వెళ్ళి సింకులో ఉమ్మేసి, నీళ్ళు వదిలి వచ్చి కూర్చుంది. "సరే, కడతాను. వాళ్ళ లెక్కలో తప్పు లేదు. మింగుడు పడలేదు, అంతే. ఇప్పుడు రెండో పేరా చెప్పు."

లాబ్‌లో అర్జెంటు పని ఉందన్నాను. ఆదివారం లాబ్ మూసే ఉంటుందని ఆవిడకీ తెలుసు.

ఫిబ్రవరి 9

తమ్ముడు మధ్యాహ్నం లాబ్‌కి వచ్చాడు. ఆరబెట్టిన పళ్ళ సెట్లలో ఒకటి తీసి టకటకలాడించి నవ్వాడు. చిన్నప్పటినుంచీ వాడికి ఎదుటివాళ్ళ వస్తువులు ముట్టుకుని నవ్వడం అలవాటు. అది లాక్కుని మళ్ళీ మందునీళ్ళలో వేశాను.

"కంగారు పడకక్కా. కోటు చూసుకుంటాడు" అన్నాడు. కోటు అంటే వాడి పన్నుల ఏజెంటు. ఎంత ఎండ కాసినా ఆ కోటు విప్పడు.

ఇక రాయక తప్పదు. ఈ మూడేళ్ళూ అత్తకి రెండు కళ్ళూ కనబడవని రాసి మినహాయింపు తీసుకున్నారు. తమ్ముడు ఖాళీ కాగితాలు ఇస్తే అత్త సంతకాలు పెట్టింది, మేనల్లుడి మీద నమ్మకంతో. కోటు వాటిని నింపాడు. వెనక్కి వచ్చిన పన్ను తమ్ముడి ఖాతాలో పడింది. కోటు వాటా కోటు తీసుకున్నాడు.

ఆ కాగితాల కింద సాక్షి సంతకం నాది. చదవకుండా పెట్టాను.

ఫిబ్రవరి 12

తమ్ముడు కోటు ఆఫీసుకి తీసుకెళ్ళాడు. చెప్పుల దుకాణం మీద మేడ. మెట్ల పొడుగునా తోలు కంపు, పైన గదిలో చెమట కంపు. కోటు చంకల దగ్గర తెల్లగా ఉప్పు చారలు కట్టింది. బల్ల మీద సగం కొరికిన బిస్కెట్టు. మాట్లాడినంతసేపూ చిటికెన వేలి గోరుతో పళ్ళ సందులు కెలుక్కుంటున్నాడు. కింద ఎడమ దవడ పన్ను పుచ్చిపోయింది. నాకు అవే కనబడతాయి, ఏం చెయ్యను!

"చాలా చిన్న విషయం మేడమ్. డాక్టరు సర్టిఫికెట్టు నా దగ్గర రెడీగా ఉంది. అమ్మగారు ఆ రోజు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, మీ చెయ్యి పట్టుకుని వస్తే చాలు. ఒక్క గంట. అడిగినదానికి జవాబులు నేను చెప్తాను. పెద్దావిడ కదా, ఎక్కువ విసిగించరు."

"ఆవిడకి కళ్ళు కనబడతాయండీ" అన్నాను.

"అందరికీ కనబడతాయి మేడమ్" అని నవ్వాడు. తమ్ముడూ నవ్వాడు.

నవ్వు పూర్తయ్యేదాకా అక్కడే కూర్చున్నాను. లేచి రాలేదు.

ఫిబ్రవరి 13

కొలిమి సంగతి వేరు. పింగాణీ పళ్ళు కాల్చే కొలిమి కొనడానికి తమ్ముడు ఇచ్చిన డబ్బు వాడు నాకు ఎప్పటినుంచో ఇవ్వాల్సిందే. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 16

అత్త ఇంట్లో. తమ్ముడు కళ్ళద్దాలు తెచ్చాడు. ఫుట్‌పాత్ మీద కొన్నవి, కాడకి ధర చీటీ ఇంకా ఊడలేదు.

"ఆ ఆఫీసులో లైట్లు మహా గుచ్చుకుంటాయత్తా. ఇవి పెట్టుకుంటే హాయిగా ఉంటుంది" అన్నాడు, ఎంతో ప్రేమగా. వాడి గొంతులో నిజంగానే ప్రేమ ఉంది.

అత్త పెట్టుకుని చూసింది. "ఏమీ కనబడట్లేదురా."

"ఫరవాలేదు. కనబడక్కర్లేదు" అనేసి నాలిక కరుచుకున్నాడు.

అత్త ఆ నల్ల అద్దాల్లోంచే నా వైపు తిరిగింది. ఏం చూసిందో అద్దాల వెనక తెలియలేదు. "ఏమే, పెట్టుకోమంటావా?"

"నీ ఇష్టమత్తా" అన్నాను.

నీ ఇష్టమత్తా! ఆ మాట అన్న నోటితోనే రాత్రి అన్నం తిన్నాను.

ఫిబ్రవరి 17

రేపు వెళ్ళి చెప్పేస్తాను.

ఫిబ్రవరి 18

ఈ రోజు మూడు సెట్లు ఇవ్వాల్సి వచ్చింది. ఒకావిడకి చిగుళ్ళు ఒరుసుకుంటున్నాయంటే మళ్ళీ అరగదీశాను. ఊపిరి తిప్పుకోవడానికి తీరలేదు. రేపు.

ఫిబ్రవరి 19

వెళ్ళలేదు.

చదివాను. ఇక్కడైనా రాసుకోకపోతే ఈ పుస్తకం ఎందుకు? మొదటి ఏడాది తమ్ముడు కాగితం ఇచ్చినప్పుడు మొత్తం చదివాను. "చూపు పూర్తిగా లేదు" అన్నచోట ఆగాను కూడా. "ఇదేంటిరా?" అంటే, "ఫారం భాష అలాగే ఉంటుందక్కా" అన్నాడు. అలాగే ఉండదని నాకు తెలుసు. అప్పటికే కొలిమికి ఆర్డరు ఇచ్చేసి ఉన్నాను. రెండో ఏడాది అసలు అడగలేదు. మూడో ఏడాది పెన్ను నేనే తెచ్చుకున్నాను.

ఫిబ్రవరి 20

పన్నుల ఆఫీసు, మూడో అంతస్తు. వరసగా బిగించిన ఇనుప కుర్చీలు, గోడ మూల ఎవరో చీదిన మరక. గంటంపావు కూర్చున్నాం. అత్త ఇస్త్రీ చీర కట్టుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని నిటారుగా కూర్చుంది. ఒక చెయ్యి నా చేతి మీద ఉంది. చల్లగా ఉంది. కోటు ఒకసారి వంగి, "అద్భుతంగా ఉన్నారు అమ్మగారూ" అన్నాడు, పెళ్ళికూతురితో అన్నట్టు.

లోపల ఆఫీసరు ఒక నడివయసు ఆవిడ. జలుబుతో ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది. ఫైలు తెరిచి, "ఈవిడకి చూపు ఎప్పటినుంచి లేదు?" అంది.

"ఆరేడేళ్ళుగా మేడమ్, పాపం..." అని కోటు అందుకున్నాడు.

"ఆవిడని చెప్పనివ్వండి."

అత్త నా చేతి మీంచి చెయ్యి తీసేసింది. కళ్ళద్దాలు తీసి, కాడలు మడిచి బల్ల మీద పెట్టింది. "ఇవి నావి కావు. నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఆ కాగితం ఒకసారి ఇటివ్వండి."

కోటు ఏదో అనబోయాడు. ఆఫీసరు చెయ్యెత్తి ఆపి, కాగితం అత్తకి ఇచ్చింది.

అత్త పైకి చదివింది. నేను పుట్టాక ఎప్పుడూ వినని గొంతు అది. ఎక్కడా తొట్రుపాటు లేదు, ప్రతి అక్షరం విడివిడిగా వినిపించింది. ముప్ఫై ఒక్కేళ్ళు జనానికి నంబర్లు చెప్పిన గొంతు. తన పేరు, పింఛను నంబరు, చూపు పూర్తిగా లేదన్న మాట, అన్నీ చదివి కిందికి వచ్చింది. "'ఈమె రోజువారీ సంరక్షణ నేనే చూస్తున్నానని, పై వివరాలు నిజమని ధ్రువపరుస్తున్నాను. మేనకోడలు.'" తర్వాతి ఏడాది కాగితం తిప్పింది. దాని తర్వాతదీ తిప్పింది. "మూడు సంతకాలు."

"అక్క చదవకుండా పెట్టిందత్తా" అన్నాడు తమ్ముడు గబుక్కున. "దానికేం తెలీదు. అంతా నేనే."

వాడు నన్ను కాపాడబోయాడు. ఆ గదిలో వాడు నాకన్నా మంచివాడుగా కనిపించాడు. అది ఇప్పటికీ గొంతు దిగడం లేదు.

"చదవకుండా సంతకం పెట్టడం దానికి చేతకాదురా" అంది అత్త. కోపంగా కాదు. "పళ్ళ సెట్టు ఇచ్చేటప్పుడు చీటీ మూడుసార్లు చదివి గాని ఇవ్వదు. చదివే పెట్టింది."

ఆఫీసరు ముక్కు తుడుచుకుని నా వైపు చూసింది. "నిజమేనా?"

"నిజమే" అన్నాను.

ఆ తర్వాత అత్త ఆఫీసరుకే చెప్పింది, మేమిద్దరం అక్కడ లేనట్టు. "మంగళవారం నేనే ఈ ఆఫీసుకి ఫోన్ చేశానమ్మా, ఆ మినహాయింపు ఏమిటో కనుక్కుందామని. ఆరుగురి చేతులు మారింది. అందరూ లైన్లో ఉండమన్నారు. లైన్లో ఉండటం నాకు కొత్తా? ఉన్నాను. ఆరో ఆయన చెప్పాడు, నేను గుడ్డిదాన్నని. అప్పటినుంచి మూడు రోజులు చూశాను, ఇది వచ్చి చెప్తుందేమోనని."

మంగళవారం అంటే పదిహేడు. ఆ రోజు నేనేం రాశానో పై పేజీలో ఉంది.

"ఇప్పుడు మీరేం చెయ్యమంటారు?" అంది ఆఫీసరు, కాస్త మెత్తగా.

"రెండు పింఛన్లూ కలిపితే ఎంత కట్టాలో చెప్పండి. అది నాది, కడతాను. ఆ గుడ్డిదాని పేరుతో తీసుకున్నది మాత్రం నాది కాదు. తిన్నవాళ్ళు ఇక్కడే ఉన్నారు, అడగండి."

విడివిడిగా కూర్చోబెట్టి వాంగ్మూలాలు రాయించుకున్నారు. నాది రెండు పేజీలు వచ్చింది. కొలిమి సంగతి కూడా రాశాను. కోటు అప్పుడు మొదటిసారి కోటు విప్పాడు. లోపలి చొక్కా భుజం దగ్గర చిరిగి ఉంది.

దిగేటప్పుడు అలవాటుగా అత్త మోచెయ్యి పట్టుకున్నాను.

"చెయ్యి తియ్యి" అంది. "మెట్లు కనబడుతున్నాయి."

ఫిబ్రవరి 21

లాబ్ తెరవలేదు.

ఫిబ్రవరి 24

తమ్ముడు ఫోన్ చేశాడు. "నేను అడ్డం పడ్డాను కదక్కా. 'చదవలేదు' అని ఒక్క మాట అంటే నువ్వైనా బయటపడేదానివి. సాక్షివి నువ్వే ఒప్పుకున్నాక ఇంక నాకు దారేముంది?"

రెండు క్షణాలు వాడు చెప్పింది సబబుగానే తోచింది. పూర్తిగా రెండు క్షణాలు. ఫోన్ పెట్టేసి నోరు పుక్కిలించాను.

మార్చి 6

కొలిమి అమ్మేశాను. కొన్నవాడు వేలు పెట్టి లోపలి బూడిద గీకి చూసి, కొన్నదాంట్లో సగానికి అడిగాడు. బేరం ఆడలేదు. వచ్చింది వచ్చినట్టు పన్నుల ఆఫీసులో కట్టి రసీదు తీసుకున్నాను. నిజాయితీపరురాలిలా ఆ రసీదు నాలుగుసార్లు చూసుకున్నాను. ఎంత రోత మనిషిని!

మార్చి 19

పన్నుల ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. తీసుకున్న మొత్తం వడ్డీతో తమ్ముడు కట్టాలి. నేను ఇచ్చింది అందులో జమ చేసుకున్నారు. ఇద్దరికీ జరిమానా వేశారు. స్వయంగా ఒప్పుకున్నందున కేసు ఉండదట. కోటు లైసెన్సు రద్దు చేశారు. అతను ఇలాంటివి ఇంకో నలభై పెట్టాడట. నలభైమంది ముసలివాళ్ళు. కాగితాల మీద కొందరిని మంచాన పడేశాడు, కొందరికి కాళ్ళు తీసేశాడు.

వాళ్ళందరి కాగితాల కిందా ఎవరో ఒకరు సంతకం పెట్టే ఉంటారు.

మార్చి 29

ఈ ఏడాది అత్త పన్ను ఫారం నింపే గడువు దగ్గరపడింది. అది సాకు పెట్టుకుని వెళ్ళాను. సంచిలో పెన్నులు, కాలిక్యులేటరు.

ఫారం అప్పటికే నింపి ఉంది. నీలం సిరాతో, గుండ్రటి చేతిరాతతో రెండు పింఛన్లూ ఒకదాని కింద ఒకటి రాసి, మినహాయింపు ఒక్కసారే తీసేసింది. రెండో ఆఫీసుకి తనే ఫోన్ చేసి, ఇకనుంచి మొదటి రూపాయి నుంచే పన్ను పట్టుకోమని చెప్పిందట. "ఏడాది చివర ఒక్కసారిగా నెత్తిన పడకుండా నెలనెలా పోతుంది. వాళ్ళలో ఒకమ్మాయి బాగా చెప్పింది. ఓపికగా."

కూడిక సరిచూద్దామని వేలు పెట్టబోయాను. కాగితం తన వైపుకి లాక్కుంది.

"సరిగ్గానే ఉంది. నా పన్ను నాకు అర్థమైంది. ఆ పని మీద నువ్వింక రానక్కర్లేదు."

"మరి..." అన్నాను.

"ఊరికే రావాలనిపిస్తే రా" అంది, ఫారం కవరులో పెడుతూ.

టీ ఇవ్వలేదు.

ఏప్రిల్ 2

ఊరికే వెళ్ళడం గురించి ఆలోచిస్తున్నాను. పెద్దయ్యాక ఏ పనీ లేకుండా నేను ఆ ఇంటికి ఎప్పుడు వెళ్ళానా అని లెక్క చూసుకున్నాను. మామయ్య పోయినప్పుడు వెళ్ళాను. లాబ్ అద్దె ఒప్పందానికి పూచీ ఉండమని అడగడానికి వెళ్ళాను. బ్యాంకు పని మీద, మందుల పని మీద, సంతకాల పని మీద వెళ్ళాను. ఊరికే వెళ్ళింది ఒక్కసారి కూడా గుర్తు రావడం లేదు.

ఏప్రిల్ 5, ఆదివారం

వెళ్ళాను. సంచి లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బెల్లు రెండుసార్లు కొట్టాక తలుపు బెత్తెడు తెరుచుకుంది. లోపలి గొలుసు వేసే ఉంది. ఆ సందులోంచి అత్త కుడి కన్ను, సగం ముఖం కనిపించాయి.

"ఏం పని మీద వచ్చావే?"

"ఏ పనీ లేదత్తా."

చాలాసేపు చూసింది. గొలుసు తియ్యలేదు. తలుపూ వెయ్యలేదు.